పద్నాలుగు నెలలు, ఆరు బ్యాటరీలు: శాన్ హోసేలో లోరైడర్ చేయించుకున్న నా అనుభవం

లోరైడర్ అంటే నేలకు వాలేంత కిందికి దించి, స్విచ్ కొడితే లేచి దిగేలా చేయించుకున్న పాత కారు. అలాంటిది చేయించుకుందామని 2024 ఫిబ్రవరిలో బండి కోసం వెతకడం మొదలుపెట్టాను. హైడ్రాలిక్స్ (ఆయిల్ ఒత్తిడితో బండిని లేపి దింపే ఏర్పాటు) బిగించుకుని అది మా ఇంటి ముందుకు వచ్చింది 2025 ఏప్రిల్ 26న. ఈ మధ్య మా తెలుగువాళ్ళ గ్రూపుల్లో దాని వీడియో తిరిగిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్నారు, ఎంతైంది, ఎన్నాళ్ళు పట్టింది, పోలీసులు పట్టుకోరా అని. ఒక్కొక్కరికీ చెప్పేకంటే జరిగింది జరిగినట్టు రాసేస్తే మేలనిపించింది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెరిగాను. మా నాన్నది లారీల కమాను కట్టల షెడ్డు. బడి అయిపోగానే సంచీ అక్కడే పడేసి, టిప్పర్ తొట్టి లేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాడిని. అమెరికాలో శాన్ హోసే వచ్చిన చాలా ఏళ్ళకు, ఒక ఆదివారం సాయంత్రం స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసేచోట సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన ఒక పాత షెవర్లే ఇంపాలా కారు ఆగింది. ముందు సీట్లో మొగుడూ పెళ్ళాం, వెనక సీట్లో చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత పద్ధతిగా గౌను సర్దుకుని కూర్చున్న ఒక ముసలావిడ. పచ్చలైటు పడగానే బండి ముందు భాగం నెమ్మదిగా లేచి, ఆవిడ నాకేసి చూసి చెయ్యి ఊపి, అలాగే నిదానంగా వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది కుర్రాళ్ళ గోల అనుకునేవాడిని. కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని వెళ్ళే బండి అని అప్పుడు తెలిసింది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, అందరూ అడిగేది అదే కాబట్టి. శాన్ హోసేలో క్రూజింగ్ (ఊరికే వీధుల్లో నెమ్మదిగా బండ్లు తిప్పడం) మీద ఉన్న నిషేధాన్ని 2022లో ఎత్తేశారు. కాలిఫోర్నియా మొత్తానికి ఏబీ 436 అనే చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చక్రం రిమ్ము అడుగు భాగం కంటే బాడీ కిందికి ఉండకూడదని 1950ల చివర్నుంచీ ఉన్న నిబంధన దాంతో పోయింది. అసలు ఈ బండ్లకు హైడ్రాలిక్స్ పెట్టడం మొదలైందే ఆ నిబంధన వల్ల. పోలీసు కనబడితే లేపాలి, వెళ్ళిపోతే దింపాలి. నేను ధైర్యం చేసింది ఆ చట్టం వచ్చాకే.

అందరిలాగే నాకూ 1964 ఇంపాలా మీదే మనసు. రెండు నెలలు తిరిగాను. తుప్పు లేనిది, కాగితాలు సరిగ్గా ఉన్నది నలభై వేల డాలర్ల లోపు నాకు దొరకలేదు. నేను పెట్టుకున్న లెక్క మొత్తం కలిపి పదిహేను వేలు. అందుకని జీ-బాడీ వైపు మళ్ళాను. జనరల్ మోటార్స్ వాళ్ళవే కట్లాస్, రీగల్, మాంటే కార్లో, ఇవన్నీ ఒకే చాసిస్ మీద వచ్చిన బండ్లు. సామాన్లు దొరుకుతాయి, పని తెలిసినవాళ్ళు ఉన్నారు, లోరైడర్ మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది కొనేది వీటినే.

ఏప్రిల్ 13, శనివారం, స్టాక్‌టన్‌లో 1984 ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్ సుప్రీమ్ చూశాను. ముదురు ఎరుపు, లోపల మఖమల్ సీట్లు, సీటు చేత్తో రుద్దితే ఒకవైపు నిగనిగ, ఇంకోవైపు మసక. బండి గుర్తింపు నంబరులో (వీఐఎన్) ఎనిమిదో అక్షరం వై ఉంటే అది 307 వీ8 ఇంజిన్. ముందే తెలుసుకుని వెళ్ళాను కాబట్టి డోరు తెరవకముందే అద్దం కింద అది చూసుకున్నాను. బేరమాడి 7,500 డాలర్లకు ఖాయం చేసుకున్నాను.

ఇక్కడే నా మొదటి తప్పు. ఇంపాలా లాగా 1975, అంతకుముందు బండ్లకు కాలిఫోర్నియాలో స్మాగ్ పరీక్ష ఉండదు. 1984 బండికి ఉంటుంది, పైగా అమ్మేవాడే సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆయన "పోయినేడు పాసైంది" అన్నాడు. బండి మీద మోజులో సరే అనేశాను. ఏప్రిల్ 20న పరీక్షకు తీసుకెళ్తే ఫెయిల్. చక్రాలు రోలర్ల మీద పెట్టి తిప్పుతూ పొగ కొలుస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితి దాటాయి. ఈ ఇంజిన్ మీద ఉండేది కంప్యూటర్‌తో నడిచే కార్బురేటర్. దాన్ని చూసేవాళ్ళే తక్కువ, ఒప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ. చివరికి మిల్‌పీటస్‌లో ఒక పాతకాలపు మెకానిక్ దొరికి, పట్టేసిన ఈజీఆర్ వాల్వు (పొగను కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపేది) మార్చి, కార్బురేటర్ సెన్సర్ సరిచేశాడు. 640 డాలర్లు. మే 18న పాసైంది. ఆ నెలరోజులూ బండి నాది, కానీ నా పేరు మీద రిజిస్ట్రేషన్ పూర్తి కాలేదు, రాత్రిళ్ళు అదే టెన్షన్. డీఎంవీలో (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇంకో సంగతి: మనిషి దగ్గర మనిషి కొనుక్కున్నా పన్ను కట్టాలి. అప్పట్లో శాన్ హోసే రేటు 9.375 శాతం, అంటే నాకు 703 డాలర్లు. మిగతా ఫీజులతో కలిపి 960. ఇది నా లెక్కలో లేనే లేదు.

జూన్ 8న బండిని ఒక షాపులో అప్పగించాను. వాళ్ళ పనివి వీడియోలు చాలా చూశాను, అన్నీ గెంతే బండ్లే. రెండు వేలు అడ్వాన్సు, ఆరు వారాల్లో ఇచ్చేస్తామన్నారు. జూలైలో పంపులు రాలేదన్నారు. ఆగస్టులో వెల్డర్ లేడన్నారు. సెప్టెంబరులో ఫోను ఎత్తడం మానేశారు. అక్టోబరు 19న నేరుగా వెళ్ళి చూస్తే, నేను ఎక్కడ పెట్టానో బండి అక్కడే ఉంది. బానెట్ మీద ఎండాకులు, ఒక కిటికీ అద్దం సగం దించి ఉంది, ఆ మఖమల్ సీటు మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. అక్కడే నిలబడిపోయాను. కోపం కాదు, ఏడుపొచ్చింది. సగం అడ్వాన్సు వెనక్కిచ్చారు. వెయ్యి పోయింది, టోయింగ్‌కు ఇంకో 180.

ఈ పనికి దిగేవాళ్ళు ఒక్క విషయం వినండి. షాపు ఎంచుకునేటప్పుడు వీడియోలు కాదు, అక్కడ ఐదేళ్ళ కిందట చేయించుకున్న మనిషిని వెతికి పట్టుకోండి. నాకు అలాంటాయన స్టోరీ రోడ్డులోనే ఒక ఆదివారం దొరికాడు. నా గోడు విని, "నాకు చేసినాయన దగ్గరికి తీసుకెళ్తాను, కానీ ఆయన నిన్ను ప్రశ్నలడుగుతాడు" అన్నాడు.

నిజంగానే అడిగాడు. తూర్పు శాన్ హోసేలో ఒక చిన్న షెడ్డు, అరవై దాటిన మెక్సికన్ అమెరికన్ పెద్దాయన. మొదటి ప్రశ్న: బండిలో ఎవరెవరు కూర్చుంటారు? నేను, మా ఆవిడ, మా అమ్మాయి అన్నాను. రెండోది: గెంతించాలా, నడపాలా? నడపాలి, సిగ్నల్ దగ్గర లేవాలి, ఆగినచోట నేలమీద వాలాలి అన్నాను. అప్పుడు కాస్త నవ్వి, "అయితే డబ్బంతా కిందే పెడదాం" అన్నాడు. ఏడు వారాలు ఆగమన్నాడు. 2025 జనవరి 6, సోమవారం బండి లోపలికి వెళ్ళింది. ఆయన చెప్పిన తేదీ అదే.

పదిరోజుల తర్వాత ఫోను చేసి రమ్మన్నాడు. వెళ్ళేసరికి సస్పెన్షన్ మొత్తం ఊడదీసి, చాసిస్ గీకి, కింద లైటు పెట్టి ఉంచాడు. సుద్దముక్కతో ఒకచోట సున్నా చుట్టి ఉంది. వెనక యాక్సిల్‌ను పట్టుకునే పై ఆర్మ్ బిగించేచోట, వెంట్రుకంత సన్నటి పగులు. వేలుపెట్టి చూడమన్నాడు. కంటికి గీతలాగా ఉన్నది గోరుకు గాడిలాగా తగిలింది. పాత యజమానులెవరో దానిమీద నల్లటి అండర్‌కోట్ కొట్టేసి ఉన్నారు. ఆ మొదటి షాపులో నిజంగానే ఆరు వారాల్లో పంపులు బిగించి ఇచ్చి ఉంటే, ఆ పగులు మీదే మా అమ్మాయిని కూర్చోబెట్టి లేపి దింపేవాడిని.

ఆ ఫొటో నాన్నకు పంపాను. విజయవాడలో అప్పుడు పొద్దున ఆరు. నిమిషంలో ఫోను. "ఒరేయ్, ఆ చాసిస్ పక్క రెయిలు పెట్టెలా మూసి ఉందా, మూడు వైపులేనా?" మూడు వైపులే, లోపలివైపు తెరిచే ఉంది అన్నాను. "అయితే అది మెలి తిరుగుతుంది. మూయించు. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చురా, చాసిస్ పని ఒక్కసారే." ఫొటో చూసి వేల మైళ్ళ అవతల నుంచి మా నాన్న చెప్పిందీ, షెడ్డులో పెద్దాయన కాగితం మీద గీసి చూపించిందీ ఒకటే. నాకు ఒళ్ళు పులకరించింది.

ఐదు వారాలు పట్టింది ఆ పని. ఐదు మిల్లీమీటర్ల మందం ప్లేట్లు ముందుగా అట్టముక్కల మీద కొలిచి కత్తిరించి, ఆ కొలతకు ఇనుము కోసి, ముందు స్ప్రింగు గూళ్ళ చుట్టూ, వెనక యాక్సిల్ మీద వంపు దగ్గర, పక్క రెయిళ్ళకు వెల్డింగు చేశారు. ఒకేచోట వరసగా కాల్చరు. ఇక్కడ అంగుళం, అక్కడ అంగుళం వేసి చల్లారనిస్తారు, లేకపోతే చాసిస్ వంగిపోతుంది. ముందు పై ఆర్మ్‌లను ఒక అంగుళం పొడిగించారు, బండి లేచినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకోకుండా. దీనికి 4,200 డాలర్లు. బయటికి ఒక్క పైసా పని కూడా కనిపించదు. మా స్నేహితుడొకాయన ఈ లెక్క విని, దాంతో మంచి పెయింటు వచ్చేదిగా అన్నాడు. వచ్చేది. నాకు ఇదే కావాలి.

మార్చిలో హైడ్రాలిక్స్. డిక్కీలో రెండు పంపులు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. నాలుగు డంప్ వాల్వులు, ఒక్కో చక్రానికి ఒకటి. ముందు ఎనిమిది అంగుళాల సిలిండర్లు, వెనక పది అంగుళాలవి, ఒక్కోదాని కింద కాయిల్ స్ప్రింగు. స్విచ్ పైకి కొడితే మోటారు తిరిగి పంపు ఆయిల్‌ను సిలిండర్‌లోకి తోస్తుంది, బండి లేస్తుంది. చెక్ వాల్వు ఆయిల్‌ను వెనక్కి రానివ్వదు. స్విచ్ కిందికి కొడితే డంప్ తెరుచుకుని ఆయిల్ ట్యాంకులోకి జారుతుంది, బండి తన బరువుకే దిగుతుంది. లేచేటప్పుడు గుయ్యిమని చప్పుడు, దిగేటప్పుడు ఊపిరి వదిలినట్టు ఉంటుంది. టిప్పర్ తొట్టి దింపేటప్పుడు వచ్చే చప్పుడే. మొదటిసారి షెడ్డులో విన్నప్పుడు కళ్ళు మూసుకున్నాను.

నాన్న అడిగిన ప్రశ్నలన్నీ సిలిండర్ల గురించే. ర్యామ్ ఎంత లావు, సీళ్ళు విడిగా దొరుకుతాయా, ఆయిలు గ్రేడు అరవై ఎనిమిదా? ఇక్కడ వాడేది 32, పలచనిది, తొందరగా పారుతుంది, అందుకని బండి చురుగ్గా లేస్తుంది. పంపులు, వాల్వులు, సిలిండర్లు, గొట్టాలు, కూలీ కలిపి 6,800. వెనక అంత ఎత్తు లేస్తే ప్రొపెల్లర్ షాఫ్టు ఊడి వచ్చే ప్రమాదం ఉందని జారే ముక్క ఉన్న షాఫ్టు చేయించారు, 450. ఇదీ నా లెక్కలో లేదు.

చక్రాలు 13 అంగుళాల తీగ చక్రాలు, టైర్లు 155/80. అన్నీ కలిపి 2,150. ముందు బ్రేక్ కాలిపర్ రిమ్ములోపల తగిలితే కొంచెం గ్రైండ్ చేసి సరిచేశారు. ఈ బండ్లకు అది మామూలేనట. చక్రాన్ని మధ్యలో హబ్బుకు పట్టి ఉంచే స్పిన్నర్ని సీసం సుత్తితో కొట్టి బిగించాలి, మొదటి యాభై మైళ్ళకు మళ్ళీ కొట్టాలి. ఈ మాట మర్చిపోకండి. పెద్దాయన నాలుగుసార్లు చెప్పాడు, నేను ఫోన్లో అలారం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 26న ఇల్లు చేరింది. మా ఆవిడ పూజ చేయకుండా ఎక్కనంది. మర్నాడు 680 మీద లివర్‌మోర్ గుడికి బయల్దేరాం. స్పీడోమీటరు 65 చూపిస్తుంటే అందరూ మమ్మల్ని దాటిపోతున్నారు. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది: కొత్త టైర్లు కంపెనీవాటికంటే చిన్నవి, ముల్లు 65 మీద ఉన్నప్పుడు నిజంగా వెళ్ళేది 58. గుళ్ళో నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారిగారు హారతి ఇచ్చి, కదిలించమన్నారు. నాలుగూ ఒకేసారి చిట్లాయి. అక్కడున్న పిల్లలు బండి లేపమని పట్టుబడితే ఒక్కసారి ముందు భాగం లేపాను. వెనకనుంచి ఎవరో పెద్దావిడ "అమ్మో, నమస్కారం పెడుతోందే!" అంది.

మే 10న భయపడిన రోజు. ఇంటి ముందు డిక్కీ తెరిచి, వెనక భాగం లేపాను. స్విచ్ వదిలేసినా మోటారు ఆగలేదు. సోలినాయిడ్ (మోటారుకు కరెంటు వదిలే పెద్ద స్విచ్) అతుక్కుపోయింది. బండి వెనక పూర్తిగా లేచిపోయింది, మోటారు అరుస్తోంది, కాలుతున్న వాసన. మా అమ్మాయి పక్కనే ఉంది. దాన్ని వెనక్కి లాగి, పెద్దాయన నాచేత పదిసార్లు సాధన చేయించిన పని చేశాను: గ్రౌండ్ తీగ మధ్యలో ఉండే పిడి పట్టుకుని ఒక్క లాగు. ఆగిపోయింది. చేతులు వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. తప్పు నాదే. ఆ ముందు రోజంతా బ్యాటరీలు ఛార్జి చేయకుండా ఆడించాను. బ్యాటరీల్లో బలం తగ్గితే సోలినాయిడ్ కొన సరిగ్గా విడవకుండా అతుక్కుంటుంది. ఇప్పుడు ఆ పిడికి ఎర్ర టేపు చుట్టాను, అదెలా లాగాలో మా ఆవిడకూ నేర్పాను, స్విచ్ ఎంతసేపూ చిన్నచిన్నగా తట్టడమే తప్ప నొక్కిపట్టను.

బ్యాటరీల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకని రాస్తున్నాను. ఆరు బ్యాటరీలు, 1,020 డాలర్లు, ఒక్కోటీ ముప్పై కిలోల దాకా. వరసగా కలిపితే 72 వోల్టులు ముందు పంపుకి, మొదటి మూడింటి నుంచి 36 వెనక పంపుకి. ఆ మూడూ రెండు పంపులకూ పనిచేస్తాయి కాబట్టి మిగతావాటికంటే ముందుగా నీరసిస్తాయి. నెలకోసారి వాటి చోట్లు మారుస్తాను, నడుం పట్టేస్తుంది. బండి తీసిన ప్రతిసారీ రాత్రంతా ఛార్జింగే. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, గ్యారేజీ తలుపు తెరిచే ఉంచాలి, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకూడదు. డిక్కీలో ఇంక స్టెప్నీకి చోటు లేదు, కూరగాయల సంచీకి కూడా లేదు. ఇన్సూరెన్సుకు మొదట అడిగిన కంపెనీ హైడ్రాలిక్స్ మాట వినగానే వద్దంది. ఇంకో చోట ఫొటోలు, బిల్లులు అన్నీ చూపించి, విలువ ముందే ఒప్పుకునే పాలసీ తీసుకున్నాను, ఏడాదికి 780. వీల్ అలైన్‌మెంట్‌కు 120 పెట్టాను. అన్నీ కూడితే 25,800 డాలర్లు. రంగు ఇంకా పాతదే.

నాన్న జూన్‌లో వచ్చారు. 22, ఆదివారం సాయంత్రం స్టోరీ రోడ్డుకి తీసుకెళ్ళాను. షెడ్డు పెద్దాయన అక్కడే ఉన్నాడు, తన మనవళ్ళతో. ఒకరి భాష ఒకరికి రాదు. నాన్న లుంగీ కాదు గానీ ప్యాంటు మోకాళ్ళ దాకా ఎగలాగి రోడ్డు పక్క గొంతుక్కూర్చున్నారు. పెద్దాయన ఆయన పక్కనే కూర్చుని టార్చి వేశాడు. నేను స్విచ్ తట్టి వెనక భాగం లేపి, ఇంజిన్ ఆపేశాను. నాన్న బండి కిందికి దూరలేదు, షెడ్డు మనిషికి ఆ జాగ్రత్త ఎప్పటికీ పోదు. పక్కనుంచి చెయ్యి మాత్రం చాపి వెల్డింగు కుట్టు మీద బొటనవేలితో నిదానంగా ఈ చివర్నుంచి ఆ చివరికి రాశారు. "సిలిండర్?" అన్నారు. పెద్దాయన చూపించాడు. "సీల్?" అన్నారు. పెద్దాయన జేబులోంచి ఒక రబ్బరు సీలు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

నాన్న దాన్ని లైటుకు అడ్డంగా పట్టి తిప్పి చూసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. "ఆ వెల్డింగు ఫొటో దగ్గరగా తియ్యి," అన్నారు నాతో. "మన షెడ్డులో మేస్త్రికి పంపాలి."